ఆరుద్ర... ఆకాశంలోనూ సేద్యమే!

జూన్ మూడోవారం దాటిందంటే ఏన్కూరు రైతు చూపు మబ్బుల మీదే. ఆరుద్ర కార్తెలో వాన పడాలి, గింజ మొలకెత్తాలి. తడిసిన చెలకల్లో ఎర్రని ఆరుద్ర పురుగులు కనిపిస్తే పిల్లలకు పండగే. విచిత్రమేమిటంటే, కార్తెకు పేరిచ్చిన ఆ చుక్క మాత్రం అప్పుడు కనిపించదు. సూర్యుడు దాని పక్కనే ఉంటాడు మరి! చూడాలంటే సంక్రాంతి దాకా ఆగాలి. దీపాలు తక్కువగా ఉండే అడవి అంచు పల్లెల్లో, చీకటి పడ్డాక తూర్పున వరసగా మూడు చుక్కలు. వాటికి ఎడమపక్కన ఎర్రగా ఆరుద్ర. కుడిపక్కన మసక మచ్చ.

ఆ మచ్చే ఓరియన్ నెబ్యులా. 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, వాయువు ముద్దకట్టి నక్షత్రాలు పుట్టే చోటు. అక్కడి ఒక భారీ నక్షత్రం నుంచి వీచే గాలి, చుట్టూ ఉన్న వాయువును సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో నెట్టేస్తోందని 2019లో తేల్చారు. దాంతో ఆ దగ్గర్లో కొత్త చుక్కలు పుట్టడం కష్టమైపోతోంది. ముందు పుట్టిన అన్న తమ్ముళ్ల దారికి అడ్డం పడ్డట్టు!

అన్యాయమే అనిపిస్తుంది. కానీ, ఆ అడ్డే లేకపోతే? గురుత్వాకర్షణకు ఆకలెక్కువ. దొరికిన వాయువునంతా లాగి నక్షత్రాలుగా మార్చేస్తుంది. విత్తనాల గింజలన్నీ ఒక్క ఏడే వండుకు తింటే ఆ ఇల్లు ఏమవుతుంది? పాలపుంత అలా చేయలేదు. ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్ల బరువుకు మించి కొత్త నక్షత్రాలను తయారుచేయదు. ఆ పొదుపు వల్లే 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడు పుట్టడానికి వాయువు మిగిలింది.

భారీ నక్షత్రాలు చివరికి పేలిపోతాయి. ఆ వేడికి వాయువు పాలపుంత పళ్లెం దాటి పైకి పొంగుతుంది. చల్లబడ్డాక తిరిగి కిందకు పడుతుంది... ఆవిరి మేఘమై వానై కురిసినట్టే. కొన్నిచోట్ల ఆ తోపుడుకే వాయువు గట్టిపడి కొత్త చుక్కలు పుడతాయి. సూర్యుడు కూడా ఇప్పుడు 1,000 కాంతి సంవత్సరాల వెడల్పున్న అలాంటి ఒక బుడగలోనే ఉన్నాడు. సుమారు 1.4 కోట్ల ఏళ్ల కిందట మొదలైన పేలుళ్లు దాన్ని ఊదాయని 2022లో లెక్కగట్టారు. అదే ఏడాది జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఎం74 అనే సుడి గెలాక్సీ ఫొటోలోనూ చేతుల నిండా బుడగలే!

ఆరుద్ర వంతు ఇంకా రాలేదు. అయినా 2019 చివర్లో ఒక వాయువు ముద్దను విసిరి, ఆ ధూళి చాటున కొన్ని నెలలు మసకబారింది. లక్ష ఏళ్లలోపు పేలుతుందని అంచనా. ఆ రోజు అది జీవితమంతా వండినది నలుదిక్కులా చల్లేస్తుంది. ఇప్పుడు అందరూ పీల్చే ఆక్సిజన్ అలా ఏనాడో చల్లినదే. దాన్ని వండిన చుక్కల పేర్లు మాత్రం ఏ పంచాంగంలోనూ లేవు.