కట్ చేస్తే... భీమిలి!

సినిమాలో విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క క్షణం! హీరోగారు బండి స్టార్టు చేస్తారు... కట్ చేస్తే భీమిలి. జుట్టు చెదరదు, చొక్కా నలగదు. పాటయితే మరీ సుఖం. పల్లవి రామకృష్ణా బీచిలో, చరణం భీమిలిలో!

నాకు మాత్రం ఆ ముప్ఫై కిలోమీటర్లకీ పొద్దున్న అయిదు నుంచి మధ్యాహ్నం రెండు దాకా పట్టింది. ఎందుకంటే నేను వెళ్ళింది సైకిలు మీద. అదీ గేర్లు లేని నల్ల సైకిలు. అందులోనూ వయసులో నాకంటే పెద్దది!

ముందు ఆ సైకిలు కథ చెప్పాలి. లేకపోతే మీరు నన్ను తిక్కవాడి కింద జమ కట్టేస్తారు.

అది మా నాన్నది. 1978లో ఆయనకి పద్దెనిమిదేళ్ళు. విజయనగరం దగ్గర మా ఊళ్ళో అప్పుడు రెండు సినిమా హాళ్ళు. కొత్త సినిమా వస్తే ప్రింటు ఒక్కటే వచ్చేది. దాన్నే ఇద్దరూ పంచుకోవాలి. ఒక హాల్లో ఆట మొదలైన అరగంటకి రెండో హాల్లో మొదలుపెట్టేవాళ్ళు. ఇక్కడ ఆడేసిన రీళ్ళు వెంటవెంటనే అక్కడికి చేరాలి. రీలంటే వెయ్యి అడుగుల ఫిల్ము. తెరమీద పదకొండు నిమిషాలు. రేకు డబ్బాని క్యారియరుకి కట్టుకుని, ఎండనకా వాననకా అటూ ఇటూ తొక్కే మనిషి ఒకడు కావాలి కదా? ఆ మనిషి మా నాన్న. సైకిలు లేటయిందా... తెరమీద హీరోయిన్ ఏడుపు మధ్యలో ఆగేది, హాల్లో ఈలలు మొదలయ్యేవి!

ఆ ఏడాది వచ్చింది ‘మరో చరిత్ర’. బాలచందర్ గారి బ్లాక్ అండ్ వైట్ చిత్రం. కమల్ హాసన్, సరిత. విశాఖ, భీమిలి తీరాల్లో తీశారు. తమిళంలోకి డబ్బింగ్ చెయ్యకుండానే మద్రాసులో విరగబడి చూశారు. 1981లో ఆయనే హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీస్తే దేశమంతా ఏడ్చింది. ఈ సంగతులు మీకూ తెలుసు. మీకు తెలియనిది ఒకటుంది. ఆ సినిమాని అన్ని రోజులు మోసిన మా నాన్న చివరి రీలు పూర్తిగా చూడనే లేదు! చివరి డబ్బా రెండో హాల్లో ఇచ్చీ ఇవ్వగానే, రెండో ఆటకి మొదటి రీళ్ళు పట్టుకుని మళ్ళీ మొదటి హాలుకి పరుగు. “ఎప్పటికైనా ఈ సైకిలు మీదే భీమిలి వెళ్ళి ఆ సముద్రం చూడాలనుకునేవాణ్ణిరా” అనేవారు. తరవాత పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ బస్సుల్లో ఎన్నోసార్లు వెళ్ళారు. సైకిలు మీద మాత్రం కుదరలేదు.

ఈమధ్య ఇల్లు మారుతున్నాం. “ఈ తుక్కుని కూడా మోసుకెళ్ళాలా?” అంది అమ్మ. పాత ఇనుం కొనేవాడు గేటు దగ్గరే నిలబడ్డాడు. నాన్నకి మోకాళ్ళు అరిగిపోయి సైకిలెక్కి చాలాకాలమైంది. “నడిచే సైకిలైతే ఇంట్లో ఉంటుంది. నడవకపోతే ఇనుమే కదా, ఇచ్చెయ్యండి” అన్నారు, సైకిలు వైపు చూడకుండా.

“నడుస్తుంది నాన్నా. భీమిలి దాకా తొక్కి చూపిస్తాను” అన్నాను నోరు జారి.

అలా ఒక శనివారం తెల్లవారుజామున రామకృష్ణా బీచిలో తేలాను. ఒడ్డున కుర్సురా జలాంతర్గామి నిద్రపోతోంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి రిటైరైంది. దాన్ని తుక్కు చెయ్యకుండా ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. నా సైకిలు దాని వైపు ఆశగా చూసినట్టనిపించింది!

సముద్రం పక్క రోడ్డు కదా, బల్లపరుపుగా ఉంటుందనుకుంటాం. ఉత్తదే! తూర్పు కనుమలు ఇక్కడ సముద్రం దాకా కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. ఒక్కొక్క కాలూ దాటుకుంటూ పోవాలి. కైలాసగిరి పక్క ఎత్తు దగ్గరే నా ఊపిరి సగమైపోయింది. కారులో ఎన్నోసార్లు వెళ్ళిన దారే. అక్కడ ఎత్తు ఉందన్న సంగతే తెలీదు నాకు! రుషికొండ దాటేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఎడమవైపు బావికొండకి దారి. 1982 నుంచి 87 దాకా తవ్వితే అక్కడ బౌద్ధారామం బయటపడింది. పైకి వెళ్దామనే ఉంది గానీ, రెండు కొండలెక్కే సత్తా లేదు. ఒక్క దాన్నే ఎంచుకున్నాను. తొట్లకొండ.

మెలికలు తిరిగే ఆ కొండదారిలో రెండో మలుపుకే చైను పడిపోయింది. ఎక్కించాను. మళ్ళీ పడింది. ఇక దిగి తోసుకుంటూ నడిచాను. పైన కాపలా ఉన్న ముసలాయన నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూశాడు.

“ఏటి బాబూ, దీంతోనా ఎక్కినారు?”

“సగం ఎక్కాను, సగం తోశాను తాతా.”

“మరేటి, ఆ కాలంలో సన్నేసులూ నడిచే ఎక్కినారు గదా! కార్లల్లో వొచ్చినోల్లు పోటోలు తీసుకుని ఎల్లిపోతారు. కూకో, నీల్లు తాగు.”

సముద్రానికి 128 మీటర్ల ఎత్తున ఉందీ చోటు. నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తూంటే కంటబడిందట. 1988 నుంచి 93 దాకా తవ్వారు. స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల, శాతవాహనుల నాణేలు... వాటితోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి! రెండు వేల ఏళ్ళ కిందట ఈ తీరానికి ఓడలు ఎక్కణ్ణించి వచ్చేవో ఊహించండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దీనికి తొట్లకొండ అని పేరు. ఎండాకాలం కోసం వాననీళ్ళు వాటిలో దాచుకునేవాళ్ళు.

2019 అక్టోబరు వానలకి ఇక్కడి మహాస్తూపం కొంత కూలిపోయింది. తరవాత మళ్ళీ పేర్చారు. ఆ ఇటుకల ముందు నా సైకిలుకి స్టాండు వేసి చాలాసేపు కూర్చున్నాను. పాడైంది కదా అని దీన్నెవరూ ఇటుకల కింద అమ్మెయ్యలేదు. ఆ మాట ఇంటికెళ్ళాక అమ్మతో చెప్పాలనుకున్నాను.

చెప్పడానికి మిగులుతానా అన్న అనుమానం దిగేటప్పుడు వచ్చింది! వాలులో సైకిలు ఊపందుకుంది. బ్రేకు పట్టాను. వెనక బ్రేకు రబ్బరు ఊడి ఎగిరిపోయింది. ముందు బ్రేకు గట్టిగా పడితే తలకిందులవడం ఖాయం. ఎదురుగా మలుపు, మలుపు అవతల లోయ. సినిమాలో అయితే ఇక్కడ డూపు వస్తాడు. నాకెవరొస్తారు? చెప్పులు రోడ్డుకి రాస్తూ, సైకిల్ని కొండవైపు పొదల్లోకి తిప్పేశాను. మోచెయ్యి గీరుకుపోయింది. ముందు చక్రం వంకర తిరిగింది. లేచి ముందు చూసింది సైకిల్నే... అప్పుడు తెలిసింది నాకు, ఈ పందెం నేను అమ్మకోసం కట్టలేదని.

ఈడ్చుకుంటూ మంగమారిపేట చేరాను. రోడ్డు పక్క పంక్చర్ల కొట్టాయన చక్రం విప్పి, చువ్వలు బిగించి, ఓపిగ్గా బెండు తీశాడు. పాత టైరు ముక్క కోసి బ్రేకు కట్టాడు. చివర్లో క్యారియరు మీద చెయ్యి వేసి ఊపి చూశాడు.

“ఇది కొన్న కేరియరు గాదు. ఏదో బరువుకి చేయించినారు.”

రీళ్ళ సంగతి చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. “అయితే ఈడు శానా కైమాక్సులు మోసినాడన్నమాట!” చువ్వలకి మాత్రమే డబ్బులు తీసుకున్నాడు. బ్రేకు ఊరికే.

అక్కణ్ణించి ఎర్రమట్టి దిబ్బలు. ఎన్నో పాటల్లో మీరు చూసిన ఎర్రటి గోడలు, సందులు అవే. గాలీ నీరూ వేల ఏళ్ళు కలిసి కట్టిన సెట్టింగు! తమిళనాడులో తేరి దిబ్బలు, శ్రీలంకలో ఒక చోటు తప్ప ఈ చుట్టుపక్కల ఇలాంటివి లేవంటారు. 2014లో భూవిజ్ఞాన సర్వే వాళ్ళు వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా 2024లో కూడా ఇక్కడ తవ్వకాల మీద గొడవ జరిగింది. సెట్టింగు పడిపోతే ఆర్ట్ డైరెక్టరు మళ్ళీ వేస్తాడు. దీన్ని ఎవరు వేస్తారు చెప్పండి?

మధ్యాహ్నం రెండింటికి భీమిలి. డచ్చి వాళ్ళు పదిహేడో శతాబ్దంలో వర్తకానికొచ్చి, 1825లో ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించి వెళ్ళిన ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. వెళ్ళలేకపోయిన డచ్చివాళ్ళు పాత శ్మశానంలో పెద్ద పెద్ద సమాధుల కింద నిద్రపోతున్నారు. దీపస్తంభం, వెనక పావురాలకొండ, పక్కన సముద్రంలో కలిసే గోస్తనీ నది... అన్నీ ఒక్క చూపులో పట్టేంత చిన్న ఊరు.

ఇసుకలో సైకిలు నిలబెట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను.

“చేరావా? చైను పడిందా?”

“రెండుసార్లు.”

“లోపలికేనా?”

“ఆఁ, లోపలికే.”

“అది ఎప్పుడూ అంతేరా” అన్నారు, చిన్నప్పటి స్నేహితుడి గురించి చెప్పినట్టు.

ఫోను సముద్రం వైపు తిప్పాను. ‘మరో చరిత్ర’ ప్రేమికులు తిరిగిన తీరం! ఆయన ఏమంటారోనని చూస్తున్నాను. కాసేపు మాటలేదు.

“సముద్రం సరేలే. సైకిల్ని చూపించు.”

చూపించాను. చాలాసేపు చూశారు.

“స్టాండు కింద రాయి పెట్టు. ఇసుకలో దిగబడిపోతుంది” అన్నారు. తరవాత, గొంతు సవరించుకుని, “మీ అమ్మ కొత్తింటి వరండాలో చోటు చూసిందిలే” అన్నారు.

మీరూ వెళ్తారా? అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. సూర్యుడికంటే ముందు బయల్దేరండి. నీళ్ళు మర్చిపోకండి. అన్నిటికంటే ముందు... బ్రేకులు చూసుకోండి!