అవ్వ అడిగిన బాప్తిస్మము



మొన్న ఆదివారం మా సంఘంలో ఏడుగురు బాప్తిస్మం పొందారు. ఆరాధన అయ్యాక, దండెం మీద ఆరేసిన తడి బట్టలు చూస్తూ కూర్చుంటే రెండు సంగతులు జ్ఞాపకం వచ్చాయి. ఒకటి, మేము బాప్తిస్మం పొందిన రోజు. రెండోది, మేము ఇవ్వకుండా ఉండిపోయిన ఒక బాప్తిస్మం. మొదటిది ఎన్నోసార్లు సాక్ష్యంగా చెప్పుకున్నాం. రెండోది సంఘం ముందు ఒప్పుకున్నాం గాని ఇంతవరకు రాయలేదు.

మాది గుండ్లకమ్మ ఒడ్డు పల్లె. మా ఈడు పిల్లలం తొమ్మిదిమందిమి ఒకే రోజు ఏట్లో బాప్తిస్మం పొందాం. క్రిస్మస్‌కు ముందు వారం, తెల్లవారుజాము, ఒకటే చలి. అమ్మలు పొడి బట్టలు చంకన పెట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి దుప్పట్లు అడ్డం పట్టారు. పెద్ద పాస్టరుగారు నడుములోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. మా వంతు వచ్చేసరికి కాళ్ళు వణికాయి. ఆయన భుజం పట్టుకుని, "భయమెందుకురా, ముంచేదీ నేనే, లేపేదీ నేనే" అన్నారు.

తర్వాత సెమినరీలో రోమా పత్రిక ఆరవ అధ్యాయం చదువుకున్నాం. క్రీస్తుతో కూడ పాతిపెట్టబడటం, ఆయనతో కూడ లేపబడటం అనే మాటలకు అర్థం పుస్తకాల్లో వెతకనక్కరలేకపోయింది. ఆ రోజు మనంతట మనం మునగలేదు, మనంతట మనం లేవలేదు. ఒకరి చేతుల్లో మనల్ని మనం వదిలేసుకున్నాం. బాప్తిస్మమంటే అంతే.

మా ఏటికి ఇంకొక జ్ఞాపకం కూడా ఉంది. ధాత కరువులో, అంటే 1876–78లో, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించారు. అక్కడ సువార్త విన్నవాళ్ళు ఎందరో బాప్తిస్మం అడిగారు. కూటికోసం కలిశారనే మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపారు. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఇదే గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో దిగి ఇచ్చారు.

ఆ ఆలస్యానికి ఒక కారణం ఉంది. పేదవాడి విశ్వాసం మీద నింద పడకుండా కాపాడటానికి చేసిన ఆలస్యం అది. మేము చేసిన ఆలస్యం అలాంటిది కాదు.

పరిచర్యలోకి వచ్చిన కొత్తల్లో మా సంఘానికి ఒక అవ్వ వచ్చేది. చదువు లేదు. చెవులు సరిగా వినపడవు. ముందు వరుసలో చాప మీద కూర్చుని, పాట అయిపోయాక కూడా చప్పట్లు కొడుతూ ఉండేది. ఒక రోజు కూటం అయ్యాక ఆగి, "అయ్యగారూ, నాకు బాప్తిస్మం ఇయ్యండయ్యా" అని అడిగింది. ప్రశ్నలకు జవాబులు నేర్చుకోమన్నాం. మా ఇంటావిడ నెల రోజులు కూర్చోబెట్టి చెప్పింది. పది ఆజ్ఞల్లో అవ్వకు నాలుగు కంటే నిలవలేదు. ఇంకొంచెం నేర్చుకోమన్నాం.

రెండోసారి అడిగినప్పుడు ఎండాకాలం. ఏట్లో ఇసుకే గాని నీళ్ళు లేవు. వానలు పడనీ అవ్వా అన్నాం. మూడోసారి అడిగేనాటికి ఏట్లో నీళ్ళున్నాయి. కానీ ఒక్కరికోసం ఎందుకు, క్రిస్మస్‌కు పిల్లలతో కలిపి ఇస్తాం, పెద్ద దైవజనులు కూడా వస్తారు అన్నాం. "అప్పటిదాకా ఉంటానో లేదో అయ్యా" అంది. మేము నవ్వాం. నవంబరులో జ్వరం వచ్చి, నాలుగో రోజున ప్రభువునొద్దకు వెళ్ళిపోయింది.

సమాధి తీసేవేళ ఒక పెద్దాయన, "రిజిస్టరులో ఈమె పేరు లేదు కదా, మన తోటలో పెట్టొచ్చా?" అని అడిగారు. పెట్టాలి అన్నాం. పాటలు పాడి, వాక్యం చెప్పి మా సమాధుల తోటలోనే పెట్టాం. మన్ను వేస్తుండగా ఆమె కొడుకు మా దగ్గరికొచ్చి, "మా అమ్మ మూడుసార్లు అడిగింది గదయ్యా, ఎందుకియ్యలేదు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

అవ్వ రక్షణ విషయమై మాకు సందేహం లేదు. సిలువ మీద దొంగ ఏ నీళ్ళలోనూ మునగలేదు, అయినా ప్రభువు అతన్ని వదల్లేదు. కానీ అవ్వకు రావలసిన సంతోషాన్ని ఆమె చేతికి ఇయ్యకుండా మేమే పట్టుకుని కూర్చున్నాం. అపొస్తలుల కార్యములు మళ్ళీ మొదటినుంచి చదివాం. పెంతెకొస్తు దినాన మూడువేలమంది ఆ రోజే. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే. ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్ళు కనబడగానే నాకు ఆటంకమేమిటని అడిగాడు. ఫిలిప్పు ఆటంకం ఏమీ చూపించలేదు, అతనితో కూడ నీళ్ళలోకి దిగాడు. మా అవ్వకు ఉన్న ఆటంకం ఏమిటి? మేమే.

ప్రియులారా, బాప్తిస్మం పరీక్ష పాసైనవారికి ఇచ్చే సర్టిఫికేట్ కాదు. నేర్పించవద్దని మేము చెప్పడం లేదు. నేర్పించమనే ప్రభువు చెప్పాడు. కానీ నమ్మి అడిగినవారి విషయంలో మన సౌకర్యానికి క్రమశిక్షణ అని పేరు పెట్టకూడదు.

ఆ తర్వాత ఒక వేసవిలో పక్షవాతం వచ్చిన ఒక అన్న బాప్తిస్మం అడిగాడు. ఏరు ఎండిపోయి ఉంది. పక్కింటివారి గొడ్ల తొట్టి కడిగి, బిందెలతో నింపాం. నలుగురు యౌవనస్థులు ఆయన్ను దుప్పటిలో మోసుకొచ్చి తొట్టిలో దించారు. మా నోటినుంచి మా పాస్టరుగారి మాటే వచ్చింది: భయపడొద్దన్నా, ముంచేది మేమే, లేపేది మేమే. ఇప్పుడు గుడి వెనక సిమెంటు తొట్టి కట్టించుకున్నాం.

అవ్వ కొడుకు ఇంకా గుడి లోపలికి రాలేదు. ఆదివారం వేపచెట్టు కింద కూర్చుని మైకులో వాక్యం వింటాడు. మొన్న మాత్రం తొట్టి దాకా వచ్చి, ఏడుగురూ లేచేవరకు నిలబడ్డాడు. ఆయన కోసం ప్రార్థన చేయండి. ఆయన అడిగిన రోజున మేము ఇంకో తేదీ చెప్పము.

ఎవరికైనా మీరు రేపు అని చెప్పి ఉంటే, ఈ వారమే వారి ఇంటికి వెళ్ళండి. ప్రభువు మీకు తోడై యుండును గాక. ఆమేన్.