దిగువన ఉన్నవారికి వినబడిందా?

నీటి ప్రాజెక్టుల దస్త్రాల్లో ఏటా వానాకాలంలో కనిపించే వాక్యం ఒకటుంది: "దిగువ ప్రాంత ప్రజలను అప్రమత్తం చేయడమైనది." ఈ వాక్యంలో కర్త లేడు. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, వారికి వినబడిందా అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. కర్నూలులో జలవనరుల శాఖలో పనిచేసే ఒక ఇంజనీరు ఇరవయ్యేళ్లుగా ఆ వాక్యం కింద సంతకాలు చేస్తున్నారు. దాని అర్థం ఆయనకు పూర్తిగా తెలిసింది మాత్రం ఒక మే నెల రాత్రి, హిమాచల్‌ప్రదేశ్‌లో, బియాస్ నది పక్కన చెప్పుల్లేని కాళ్లతో నిలబడినప్పుడు.

అవి వేసవి సెలవులు. ఉపాధ్యాయురాలైన భార్య, ఇంటర్ ముగించిన కుమార్తె, ఎనిమిదో తరగతి చదివే కుమారుడు, డెబ్బై దాటిన తల్లితో ఆయన కులూ లోయకు వెళ్లారు. హోటల్ గది వద్దు, గుడారంలో పడుకోవాలన్నది పిల్లల కోరిక. నీటికి దగ్గరగా ఉన్న వరుసకే అద్దె ఎక్కువ. వారు తీసుకున్నది ఆ వరుసనే. తీరా చేరుకున్నాక చూస్తే అది ఒడ్డు కాదు, నదిలోనే తేలిన ఇసుక మేట.

"ఏట్లో ఎవరన్నా పండుకుంటారా నాయనా?" అని తల్లి అడిగారు. శ్రీశైలం ముంపు కింద 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో ఆమె పుట్టిల్లు ఒకటి. నీటి విషయంలో ఆమె ఎవరి హామీనీ నమ్మరు. కొడుకు నవ్వి ఊరుకున్నారు. నిజానికి ఆయనకూ ఒక గుర్తు కనిపించింది. పక్కనున్న బండరాళ్ల మీద మోకాలెత్తున తడి చార ఉంది. నీరు రోజూ అక్కడిదాకా వచ్చి పోతోందని దాని అర్థం. ఆ చారను చదవడమే ఆయన వృత్తి. అయినా డబ్బు కట్టేశామని, పిల్లలు సంబరంగా ఉన్నారని సర్దుకున్నారు. నీరు ఏ క్షణంలోనైనా పెరగవచ్చని హెచ్చరించే బోర్డును చూపిస్తే, గుడారాల నిర్వాహకుడు అలాంటివి లోయ పొడవునా ఉంటాయన్నాడు. అది అబద్ధం కాదు. అంతటా ఉన్న హెచ్చరికను ఎవరూ చదవరు.

పగటి ఎండకు కరిగిన మంచు నీరు లోయలోకి దిగేసరికి రాత్రవుతుంది. అర్ధరాత్రి దాటాక కరెంటు వాడకం తగ్గుతుంది. విద్యుత్ కేంద్రంలో యంత్రాలు ఆపితే, చిన్న జలాశయంలోకి వచ్చిపడే నీటికి గేట్లే దారి. ఆ రాత్రి ఒంటిగంటన్నరకు మెలకువగా ఉన్నది తల్లి ఒక్కరే. బయట విడిచిన చెప్పులు గుడారం గుడ్డకు తగులుతున్న చప్పుడు ఆమెకు వినిపించింది. చెప్పులు నీటి మీద తేలుతున్నాయి. ఆమె కేకతో అందరూ లేచారు. మోకాలి లోతు నీటిలో, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, రాళ్ల మీదుగా రోడ్డు ఎక్కారు. కుమారుడి చీలమండ బెణికింది. పావుగంటలో ఆ వరుసలోని గుడారాలన్నీ కొట్టుకుపోయాయి. మనుషులందరూ దక్కారు. రోడ్డు పక్క టీ కొట్టు నడిపే ఒకామె తలుపు తీసి, దుప్పట్లిచ్చి, పొయ్యి వెలిగించింది.

తెల్లవారాక ఎవరి మాట వారు చెప్పారు. నిర్వాహకుడు ప్రకృతి అన్నాడు. పోలీసులు అర్జీ రాసివ్వమన్నారు. ఎగువ కేంద్రం సిబ్బంది సైరన్ మోగించామని, రిజిస్టరులో నమోదు చేశామని చెప్పారు. బహుశా మోగించే ఉంటారు. నది హోరులో కిలోమీటర్ల దిగువన అది ఎవరికీ వినబడలేదు. ఆ రిజిస్టరులో ఏ వాక్యం ఉంటుందో ఇంజనీరుకు చూడకుండానే తెలుసు.

తెలుగు కుటుంబాలకు బియాస్ కొత్త పేరు కాదు. 2014 జూన్ 8న మండీ జిల్లా థలౌట్ దగ్గర, లార్జీ ప్రాజెక్టు వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఆరు రోజులు. హిమాచల్ హైకోర్టు తర్వాత పరిహార భారాన్ని విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య పంచింది. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. అత్యవసర కార్యాచరణ ప్రణాళికలు, ముందస్తు హెచ్చరిక వ్యవస్థలు ఉండాలని అది నిర్దేశిస్తుంది.

చట్టం లేకపోవడం కాదు ఇక్కడి లోపం. నదిలో ఇసుక మేట మీద గుడారం వెలిస్తే పర్యాటక శాఖకు అది ఆదాయం, విద్యుత్ సంస్థకు ఆక్రమణ, పోలీసులకు పరిధి తగాదా. ప్రమాదం జరిగాకే అక్కడున్నవారు పౌరులని అందరికీ గుర్తొస్తుంది. హెచ్చరించడం ఎగువన ఉన్నవారి రక్షణ కోసం రాసుకునే రుజువుగా మారిపోయింది. అది దిగువన ఉన్నవారి చెవిని చేరిందా లేదా అన్నది ఎవరి లెక్కలోనూ లేదు. ఇది ఒక్క హిమాలయాల సంగతి కాదు. కృష్ణ దిగువన రాత్రి వలలు వేసే జాలర్లకు, లంకల్లో గొర్రెలు మేపే కాపరులకు హోటలు గదుల వసతి కూడా లేదు. వారు అక్కడికి విహారానికి వెళ్లరు.

ఆ ఏడాది కృష్ణకు తొలి వరద వచ్చినప్పుడు, గేట్లు ఎత్తే ముందు గుమాస్తా అలవాటుగా అదే వాక్యం టైపు చేసి సంతకానికి తెచ్చాడు. ఇంజనీరు దాన్ని కొట్టేశారు. ఏ ఊరికి, ఎవరికి, ఎన్ని గంటలకు ఫోన్ చేశారో, అవతలివారు ఏమన్నారో వరుసగా రాయమన్నారు. రెండు పేర్ల ఎదురుగా "ఎత్తలేదు" అని వచ్చింది. ఆ రెండు ఊళ్లకూ మనిషిని పంపి, దండోరా వేసినట్టు కబురు వచ్చేదాకా గేటు ఎత్తనివ్వలేదు.

దానికి నలభై నిమిషాలు పట్టింది. ఆలస్యం ఎందుకైందో చెప్పాలని పైనుంచి మెమో వచ్చింది.