పేరంటపల్లి ఫొటోలకు అవతలి గట్టు పేరు

భద్రాచలంలో రాములవారి దర్శనం, పర్ణశాల చూడడం అయ్యాక, ఓ చలికాలపు వేకువన కూనవరం దారి పట్టాం. అక్కడ ఒడిశా కొండల్లోంచి దిగివచ్చిన శబరి గోదావరిలో కలుస్తుంది. టీ కొట్టాయన గోడ మీద వరద నీళ్లు నిలిచిన గుర్తు చూపించాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో అయితే 75.6 అడుగులు. ఆ గుర్తు నా తలకన్నా చాలా పైన ఉంది.

పోచవరం రేవులో లాంచీ ఎక్కాం. లాంచీలో భోజనం బాగుంది, కుర్చీలూ బాగున్నాయి. పాటల హోరు మాత్రం నాకు నచ్చలేదు. పాపికొండల మధ్యకు వచ్చేసరికి అంత వెడల్పాటి నది సన్నబడి, రెండు వైపులా అడవి మీదికి వంగినట్టు ఉంటుంది. అక్కడైనా స్పీకర్లు ఆపాలి. కొండల నడుమ నీటి చప్పుడు వినడానికే కదా ఇంత దూరం వచ్చేది.

పేరంటపల్లిలో దిగి ఇసుక దాటి మెట్లెక్కితే శివాలయం. గత శతాబ్దంలో బాలానంద స్వామి ఇక్కడ ఉండి ఆశ్రమం నడిపారు. గుడి పక్కన కొండ మీంచి వాగు నీళ్లు దూకుతుంటాయి. దోసిలి పట్టి తాగాను, చల్లగా ఉన్నాయి. దారి పొడవునా కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన బుట్టలు, పూలు పెట్టుకుని అమ్ముతున్నారు. వెదురును సన్నటి పేళ్లుగా చీల్చి, రేకు రేకుగా వంచి పువ్వు చేస్తారు. ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని ఆ పని చాలాసేపు చూశాను. ఆవిడ కళ్లు మా మీద ఉన్నా చేతులు ఆగలేదు.

అడిగి ఆవిడ ఫొటో తీశాను. పక్కనున్న మనవరాలు ఫోన్ తీసుకుని, ఫొటో కింద ఉన్న ఊరి పేరు పైకి చదివింది.

“అది గోదారి అవతల కదా బాబూ. మేం ఇవతల,” అంది పెద్దావిడ.

“ఫోన్ అట్లా చూపిస్తోందమ్మా,” అన్నాను.

“ఫోన్‌కేం తెలుసు? నన్నడుగు, చెప్తా,” అంది. తర్వాత వాగుకి ఆ పక్కనున్న ఇళ్లు, కొండెక్కితే వచ్చే గూడెం, ఒక్కొక్కటీ పేరుతో సహా వేలెత్తి చూపించింది. మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోవాలనిపించింది. లాంచీవాళ్లు పిలిచారు.

తిరుగు ప్రయాణంలో మిగతా ఫొటోలు చూశాను. నది మధ్యలో తీసిన ఒకదానికి ‘ఖమ్మం, తెలంగాణ’ అని ఉంది. యటపాకలో తీసినదానికి ‘భద్రాచలం’ అని ఉంది. ఫొటో తీసినప్పుడు ఫోన్ అందులో దాచేది ఊరి పేరు కాదు, అక్షాంశ రేఖాంశాల అంకెలు. ఆ అంకెలను పటాల సమాచారంతో పోల్చి పేరు తర్వాత తగిలిస్తారు. ఆకాశం విశాలంగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల తేడాతో స్థలం చెప్పగలదు. ఇలాంటి కొండ ఇరుకుల్లో సగం ఆకాశం మూసుకుపోతుంది, ఉపగ్రహాల సంకేతాలు రాళ్లకు తగిలి చుట్టుదారిన వస్తాయి, దాంతో లెక్క తప్పుతుంది. అంకెలు సరిగ్గా ఉన్నా, పటంలో గూడెం పేరు లేకపోతే దగ్గర్లో ఉన్న మరో పేరు వచ్చి కూర్చుంటుంది. దూరం కొలిచే ఆ లెక్కకు మధ్యలో గోదావరి ఉందన్న సంగతి పట్టదు.

ఇక్కడి హద్దులు కూడా ఎన్నోసార్లు మారాయి. గోదావరి ఎడమ గట్టునున్న భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లా నుంచి 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాని పక్కనే ఉన్న యటపాక ఆంధ్రలోకి వెళ్లింది. కుడి గట్టున పేరంటపల్లి ఉన్న వేలేరుపాడు మండలం ఖమ్మం నుంచి పశ్చిమ గోదావరికి, 2022లో ఏలూరు జిల్లాకు మారింది. పాత పటాన్ని నమ్ముకున్న ఫోన్ ఇప్పటికీ ఖమ్మం అనే అంటుంది.

హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ ఫొటో కింద పక్క పేట పేరు పడితే ఎవరికీ నష్టం లేదు, రేపు వెళ్లి చూసుకోవచ్చు. ఈ గోదారి ఒడ్డున అలా కాదు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీళ్లు నిలిస్తే నది వెంట ఎన్నో ఊళ్లూ గూడేలూ మునుగుతాయి. చాలా కుటుంబాలు ఇప్పటికే పునరావాస కాలనీలకు వెళ్లిపోయాయి. ఊరితో పాటు పేరు కూడా కొత్త కాలనీకి వెళ్తుంది. అప్పుడు పాత చోటు ఎక్కడుండేదో చెప్పడానికి మిగిలేవి మనుషుల జ్ఞాపకాలూ, మనలాంటివాళ్లు తీసిన ఫొటోలూ. ఆ ఫొటోల కింద అవతలి గట్టు పేరుంటే, పాతికేళ్ల తర్వాత తన ముత్తవ్వ ఇల్లు వెతుక్కునే పిల్లకు మనం తప్పుదారి చూపించినవాళ్లమవుతాం. ఊరు పోగొట్టుకున్నవాళ్లకు పేరు కూడా లేకుండా చేయడం అన్యాయం.

పాపికొండలకు వెళ్లేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఫొటో తీసినచోట ఊరి పేరు అక్కడివాళ్లనే అడగండి. ఏ గట్టో, ఏ వాగు పక్కనో, తేదీతో సహా తెలుగులో ఫొటో వివరాల్లో రాసిపెట్టండి. ఫోన్ పెట్టిన పేరు తప్పయితే పటంలో సవరణ పంపండి. ఆ ఊళ్లు నీళ్లకు పైన ఉండగానే ఈ పని జరగాలి.