పాత లెక్క

హిందూపురంలో ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించుకొని ధర్మవరం బండెక్కాను. తెరమీద 40 శాతం కనిపిస్తోంది. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళిన తమ్ముడు ఏ సంగతీ ఫోనులో చెబుతానన్నాడు. పెనుకొండ కోట ఉన్న కొండ కిటికీలోకి వచ్చేసరికి ఫోను ఉన్నట్టుండి ఆరిపోయింది. ధర్మవరం చేరేదాకా నా ప్రాణం నాలో లేదు.

అమ్మ తేరుకుంది. ఫోను సంగతి తర్వాత తెలిసింది. అది బ్యాటరీలోకి తొంగిచూడలేదు. లోనికి వెళ్ళిన, వెలికి వచ్చిన విద్యుత్తును లెక్కగట్టి, వోల్టేజితో సరిచూసుకొని శాతం చెబుతుంది. కొన్ని ఫోన్లలో బ్యాటరీ మారినా పాత లెక్కే కొన్నాళ్ళు మిగిలిపోతుంది. ఆ రాత్రి 100 దాకా నింపి, మర్నాడు ఆరిపోయేదాకా వాడి, మళ్ళీ మధ్యలో ఆపకుండా నింపాను. లెక్క కుదిరింది. లిథియం బ్యాటరీని మాటిమాటికీ అలా అడుగంటించడం దానికి చేటే. లెక్క తప్పినప్పుడు ఒక్కసారి చాలు.

ఎప్పుడడిగినా అమ్మది ఒకటే జవాబు: "బాగానే ఉండాను లే నాయనా." ఏళ్ళ తరబడి నేనూ ఆ పాత లెక్కనే నమ్ముతూ వచ్చాను. ఇప్పుడు ప్రతి ఆదివారమూ ధర్మవరం బండెక్కుతున్నాను. ఎదురుగా కూర్చుంటే తప్ప అమ్మ లెక్క తేలదు.