జిమ్నీ నెత్తిన 49 సెంటీమీటర్లు

పోయిన నెల దాకా నాకు రేడియో అంటే వివిధభారతి. నాయుడుపేటలో మా నాయన గడ్డం గీసుకుంటుంటే అద్దం పక్కన మోగేదే నాకు తెలిసిన రేడియో. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, నన్ను ఆపడం కష్టం. ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఇద్దరు ఇప్పటికే కుర్చీలు మార్చుకున్నారు. మా ఆవిడ ఇంట్లో చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరుగుతోంది. ఇక మిగిలింది మీరే.

దీనికంతటికీ కారణం మా బావగారు, ఆయన సుజుకీ జిమ్నీ. సింగపూర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనడమంటే తాటిచెట్టు లేని ఊళ్ళో మోకు భుజాన వేసుకుని తిరగడమే. ఈ దీవి ఆ కొస నుంచి ఈ కొసకి 50 కిలోమీటర్లు. అన్నిటికంటే పెద్ద కొండ బుకిట్ తిమా 164 మీటర్లకి ఓ పిసరు తక్కువ. పైగా బండి ఖరీదు ఒక ఎత్తు, దాన్ని పదేళ్లు రోడ్డు మీద తిప్పుకోవడానికి కొనే సీఓఈ కాగితం ఇంకో ఎత్తు. అంత పోసి కొన్న బండిని నెలకోసారి సరిహద్దు అవతల మలేషియాలోని జొహోర్ తీసుకెళ్లి బురదలో దొర్లిస్తారాయన. అక్క అయితే దాన్ని బండి అనదు, బర్రె అంటుంది.

ఓ శనివారం ఆయన ఫోన్ చేసి, "ఏమోయ్, ఖాళీగా ఉంటే కార్‌పార్క్ పై డెక్‌కి రా, ఒక చెయ్యి కావాలి" అన్నారు. వెళ్లేసరికి జిమ్నీ కప్పు అంచున నీళ్లు జారే గాడికి ఒక చిన్న బిగింపు, దాని మీద సన్నటి స్టీలు కడ్డీ ఉన్నాయి. కింద నల్ల తీగ తలుపు సందులోంచి లోపలికి పోయింది. డ్యాష్‌బోర్డు కింద కారు స్టీరియో అంత పెట్టె. దానికి చుట్టలు తిరిగిన తీగతో మైకు. "ఇదేంటి బావా, పోలీసు జీపు చేశావా?" అన్నాను. "హ్యామ్ రేడియో. లైసెన్స్ తీసుకుని సరదాకి ఒకరితో ఒకరు మాట్లాడుకునేది" అన్నారు. నేను ఏమీ అర్థం కాకపోయినా తల ఊపాను.

ఆ తర్వాత రెండు గంటలు ఏం జరిగిందో చెప్తాను. నాకు పిచ్చి ఎక్కింది అక్కడే.

రేడియోకీ కడ్డీకీ మధ్య ఒక మీటరు పెట్టారు. పంపిన శక్తిలో ఎంత గాల్లోకి పోతోంది, ఎంత వెనక్కి తిరిగొస్తోంది అన్నది అది చెప్తుంది. ఆ కొలతని ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. ఒకటి వస్తే బంగారం, రెండు దాటితే ఆలోచించాలి, మూడు దాటితే రేడియోకే ప్రమాదం. బావగారు పవర్ 5 వాట్లకి తగ్గించి, తనకిచ్చిన గుర్తింపు పేరు, అదే కాల్ సైన్, చెప్పి, మైకు నొక్కారు. ముల్లు మూడు దాటి కొట్టుకుంది. ఆయన కంగారు పడలేదు. బిగింపు విప్పి చూపించారు. అడుగున ఉన్న చిన్న మర పెయింటు మీదే ఆగిపోయింది, ఇనుముని ముట్టుకోలేదు. కడ్డీ సగం యాంటెన్నా అయితే, బండి కప్పు మిగతా సగమట. ఇనుముకి ఇనుము తగలకపోతే ఒంటి కాలితో నడిచినట్టే. మరని గట్టిగా తిప్పారు. పెయింటు చిట్లి లోపల తెల్లటి లోహం ఆవగింజంత మెరిసింది. మళ్లీ నొక్కారు. ముల్లు రెండు దగ్గరికి దిగింది.

ఇక లెక్క. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 145 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 14.5 కోట్ల ఊపులు. భాగిస్తే ఒక్కో అల పొడవు రెండు మీటర్ల చిల్లర. అందుకే దీన్ని రెండు మీటర్ల బ్యాండ్ అంటారు. అందులో పావు వంతు దాదాపు 52 సెంటీమీటర్లు. లోహంలో ఇంకాస్త తగ్గాలి. మీటరు 144 దగ్గర తక్కువ, 146 దగ్గర ఎక్కువ చూపిస్తోంది కాబట్టి కడ్డీ పొడుగున్నట్టే. బావగారు పటకారుతో కొస నుంచి చిటికెడు కత్తిరిస్తారు, నేను మీటరు చదువుతాను, మళ్లీ చిటికెడు. "ఒకేసారి కోసెయ్యొచ్చు గదా" అంటే, "కత్తిరించింది అతకదురా. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని చూస్తాం గానీ గిన్నె వంచేస్తామా?" అన్నారు. 49 సెంటీమీటర్ల దగ్గర ముల్లు 1.2 మీద పడుకుంది. నేను పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లతో బతుకుతున్నాను. ఒక లెక్క కాగితం మీద నుంచి దిగొచ్చి నా కళ్ల ముందు ముల్లుని కదపడం అదే మొదటిసారి.

మీటరు తీసేసి, "ఎవరన్నా ఉన్నారా?" అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక పిలుపు పిలిచారు. నాలుగైదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత గరగరమని తెరుచుకుని ఒక ముసలాయన గొంతు! దీవికి తూర్పున పాసిర్ రిస్‌లో పదో అంతస్తు బాల్కనీ నుంచి మాట్లాడుతున్నారు. వాతావరణం అడిగారు, యాంటెన్నా అడిగారు, "కొత్త కడ్డీ బాగా పలుకుతోంది" అన్నారు, 73 చెప్పి వెళ్లిపోయారు. 73 అంటే హ్యాముల భాషలో శుభాకాంక్షలు, తంతి కాలం నుంచీ ఉన్న అంకె. మధ్యలో టవర్ లేదు, సిమ్ లేదు, నెట్ లేదు. ఈ కడ్డీ, ఆ కడ్డీ, నడుమ గాలి.

నాకు గుండె ఝల్లుమన్న సంగతి అదీ. ఫోన్లో ఎవరితో మాట్లాడాలో తెలిసి పిలుస్తాం. ఇక్కడ ఎవరున్నారో తెలియకుండా పిలుస్తాం, ఎవరో పలుకుతారు. చిన్నప్పుడు బావిలోకి వంగి కేకేసినట్టుంది, కాకపోతే లోపల్నుంచి ఇంకొకరు బదులిచ్చారు.

మైకు ఇలా ఇవ్వమని చెయ్యి చాపాను. బావగారు వెనక్కి లాక్కున్నారు. "లైసెన్స్ లేకుండా నొక్కితే నేరం. ముందు పరీక్ష రాయి." సింగపూర్‌లో పరీక్ష పాసయ్యి, టెలికాం వ్యవహారాలు చూసే ఐఎమ్‌డీఏ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. అప్పుడు 9వీ1తో మొదలయ్యే కాల్ సైన్ ఇస్తారు. ప్రపంచంలో ఇంకెవరికీ ఉండని పేరది. మన దేశం వాళ్లవి చాలావరకు వీయూతో మొదలవుతాయి. ఒకప్పుడు తంతి భాష మోర్స్ కోడ్ రాకపోతే, దూర దేశాలకి వినపడే హెచ్ఎఫ్ బ్యాండ్ల గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. 2003లో అంతర్జాతీయ సదస్సు ఆ నిబంధనని ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. అయినా బావగారు స్టీరింగ్ మీద వేలితో టకటకలాడిస్తూనే ఉంటారు.

మర్నాడు తెల్లారకముందే జొహోర్ బయల్దేరాం. సింగపూర్ బండి సరిహద్దు దాటాలంటే ట్యాంకులో ముప్పావు వంతు పెట్రోలు ఉండాలి, అక్కడ చవగ్గా దొరుకుతుందని ఖాళీ ట్యాంకుతో పోనివ్వరు. రేడియోకీ అలాంటి లెక్కే ఉంది. ఇక్కడి లైసెన్స్ అక్కడ దానంతటది చెల్లదు, మలేషియా అనుమతి వేరే ఉండాలి. బావగారు ముందే తెచ్చుకున్నారు.

కోట తింగి వైపు పామాయిల్ తోటలు. ముందే అనుమతి తీసుకున్న దారి. నాలుగు బండ్లు. రాత్రి వాన పడి ఎర్రమట్టి జిగురుముద్దయింది. మొదటి బండిలోనూ మా చివరి బండిలోనూ హ్యాములున్నారు. మధ్య రెంటికీ లైసెన్స్ అక్కర్లేని చిన్న వాకీటాకీలు. మొదటి మలుపులోనే ఫోన్లలో సిగ్నల్ గీతలు మాయం. రెండో మలుపులో ముందు బండి కనపడకుండా పోయింది. అప్పుడు డ్యాష్‌బోర్డు కింద పెట్టె పలికింది. ఎడమ గాడి లోతుగా ఉందట, కుడి అంచు పట్టుకుని, లో రేంజ్ వేసి, మధ్యలో క్లచ్ ముట్టుకోకుండా రమ్మని. కళ్లకి చెట్లే కనిపిస్తున్నాయి గానీ, చెవికి దారంతా తెలిసిపోయింది. మూడో బండి కూరుకుపోతే, పట్టీ కట్టి లాగేటప్పుడు "ఇప్పుడు", "ఆపు" అన్న రెండు మాటలూ అటూ ఇటూ పోయింది రేడియో మీదే. కేకలేస్తే ఇంజన్ల మోతలో ఎవరికి వినపడుతుంది?

అయితే ఈ రేడియోకీ హద్దులున్నాయి. ఈ తరంగాలు దాదాపు చూపు మేర తిన్నగా పోయే రకం. తడిసిన ఆకులు వాటిని తాగేస్తాయి, గుట్ట అడ్డొస్తే ఆగిపోతాయి. అందుకే గుట్టల మీద రిపీటర్లు పెడతారు. ఒక ఫ్రీక్వెన్సీలో విని, మామూలుగా 600 కిలోహెర్ట్జ్ పక్కన ఇంకో దాంట్లో అదే మాటని గట్టిగా తిరిగి చెప్తాయి. ఊరి మధ్య రచ్చబండ మీద కూర్చుని ఈ వీధి కబురు ఆ వీధికి చేరేసే పెద్దమనిషి లాంటివి.

తిరుగు దారిలో బావగారు 2004 సంగతి చెప్పారు. హైదరాబాద్‌లో 1983లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ అనే ఆవిడ బృందంతో అండమాన్ వెళ్లారు. కాల్ సైన్ వీయూ4ఆర్‌బీఐ. అక్కడి నుంచి హ్యాముల గొంతు వినపడి ఏళ్లయింది కాబట్టి ప్రపంచమంతా ఎగబడి పిలుస్తోంది. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. సరదాగా పట్టుకెళ్లిన రేడియోలే పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేశాయి. సింగపూర్‌కి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,700 కిలోమీటర్లు. నేను కిటికీలోంచి ఆ కడ్డీని ఇంకోసారి చూశాను.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. మళ్లీ కార్‌పార్క్ పై డెక్. చక్రాలకి ఇంకా జొహోర్ బురద. బావగారు వెనక సీటు కింద నుంచి ఒక వింత వస్తువు తీశారు. పీవీసీ పైపుకి ఇంచుల టేపు ముక్కలు అడ్డంగా బిగించి ఉన్నాయి. యాగీ యాంటెన్నా అట. నా చేతికిచ్చి, "పడమర చూపించు. జురాంగ్ మీద నుంచి లేస్తుంది, చాంగీ వైపు దిగుతుంది. దాన్ని వదలకు" అన్నారు. ఏది లేస్తుందో చెప్పలేదు. రేడియోని 435.890 మెగాహెర్ట్జ్ మీద పెట్టి కూర్చున్నారు.

ముందు ఉత్త గాలి హోరు. తర్వాత హోరు పల్చబడింది. దాని అడుగు నుంచి మాటలు తేలాయి. ఇండోనేషియా కాల్ సైన్లు, ఒకదాని మీద ఒకటి, సంతలో బేరాల్లా. నేను మణికట్టు తిప్పితే గొంతు చిక్కనవుతోంది, ఇంకాస్త తిప్పితే పోతోంది. నా చెయ్యి ఆకాశంలో దేన్నో పట్టుకున్నట్టే ఉంది. నెత్తి మీదికి వస్తుంటే బావగారు అంకె తగ్గిస్తూ పోయారు. మన వైపు వచ్చేటప్పుడు రైలు కూత సన్నగా, వెళ్లేటప్పుడు బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే ఇక్కడ 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. పది నిమిషాలు దాటాక చాంగీ వైపు మళ్లీ హోరులో కలిసిపోయింది.

"ఏంటది?" అన్నాను, గొంతు తడారిపోయి. ఇండోనేషియా వాళ్ల ఉపగ్రహం లాపాన్-ఏ2, హ్యాములు ఐఓ-86 అంటారు. భూమధ్యరేఖని ఒరుసుకుంటూ 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది కాబట్టి రోజుకి పద్నాలుగు సార్లు ఇటే వస్తుంది. లోపల హ్యాముల కోసం ఒక రిపీటర్ ఉంది, షెడ్యూల్ వేసి తెరుస్తారు. "ఎక్కడి నుంచి ఎగిరిందో తెలుసా?" అని నవ్వారు. 2015 సెప్టెంబరు 28 ఉదయం పది గంటలకి, మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌తో పాటు పీఎస్ఎల్‌వీ-సీ30 రాకెట్లో, శ్రీహరికోట నుంచి.

దానికి దగ్గర్లోనే ఉన్న మా నాయుడుపేట మేడ మీద నుంచి ఎన్ని రాకెట్లు చూశానో లెక్కలేదు. నిప్పు కనిపించేది, కాసేపటికి కిటికీలు అదిరేవి, తెల్లటి తోక గాలికి వంకర తిరిగేది. కిందికి దిగి ఇడ్లీ తినేవాళ్లం. పైకి పోయింది ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్లకి అందులో ఒకటి సింగపూర్‌లో, ఇంచుల టేపు ముక్కల్లోకి దిగొచ్చి పలికింది.

మీకూ మొదలుపెట్టాలనుంటే వరస ఇదీ. ముందు పరీక్ష పుస్తకం, రేడియో ఆ తర్వాత. కొంటే రెండు మీటర్లూ, ఆ ఉపగ్రహం పలికిన డెబ్భై సెంటీమీటర్లూ, రెండు బ్యాండ్లూ పలికే మొబైల్ సెట్ ఒకటి చాలు. 50 వాట్ల సెట్ పది ఆంపియర్ల పైనే లాగుతుంది, సిగరెట్ లైటర్ సాకెట్‌ని నమ్మకండి. లావు తీగ, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, అక్కడి నుంచి నేరుగా రేడియోకి. డబ్బులు మిగిలితే పెద్ద రేడియో మీద కాకుండా మంచి యాంటెన్నా మీద పెట్టండి. కడ్డీ మడిచే రకం తీసుకోండి. మాది మొదటి రోజే కార్‌పార్క్ ఎత్తు కొలిచే అడ్డకర్రకి టక్కున కొట్టుకుంది.

నా పరీక్ష పుస్తకం వచ్చేసింది, ఓమ్స్ లా దగ్గర ఉన్నాను. జిమ్నీ కూడా అక్కర్లేదని ఇప్పుడు తెలుస్తోంది. పడమర కనిపించే ఒక మేడ, లైసెన్సున్న ఒక బావగారు ఉంటే సరిపోతుంది. మన దేశంలో ఉన్నవాళ్లకైతే పన్నెండేళ్లు నిండితే చాలు, పరీక్ష రాయనిస్తారు. ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఈ సెలవుల్లోనే చెప్పండి. మా నాయుడుపేట మేడ మీద నాకెవరూ చెప్పలేదు.