తొలి సెక్టారులో మిగిలే గ్రబ్

విండోస్, ఉబుంటు రెండూ ఉన్న కంప్యూటరులో ఉబుంటు పార్టిషన్‌ను, అంటే హార్డ్ డిస్కులో దానికి కేటాయించిన భాగాన్ని తొలగించినంత మాత్రాన ఉబుంటు ఆనవాళ్లన్నీ చెరిగిపోవు. మీట నొక్కగానే ఏ ఆపరేటింగ్ సిస్టమును మెమరీలోకి తేవాలో చూసుకునే బూట్‌లోడర్, ఉబుంటు విషయంలో గ్రబ్ అనే ప్రోగ్రాము, కొంత భాగం డిస్కుపైనే మిగిలిపోతుంది.

పాత బయాస్ పద్ధతిలో దీనికి కారణం స్పష్టంగా తెలుస్తుంది. డిస్కులోని మొట్టమొదటి సెక్టారును మాస్టర్ బూట్ రికార్డు అంటారు. దాని 512 బైట్లలో 446 బైట్లు ప్రారంభ కోడుకు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల వివరాలుండే పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తింపు ముద్రకు చెందుతాయి. అంత ఇరుకులో గ్రబ్ మొత్తం పట్టదు కనుక, దాని తొలి తునక అక్కడా, మలి తునక ఆ సెక్టారుకూ మొదటి పార్టిషనుకూ నడుమనున్న ఖాళీలోనూ, మెనూ తదితరాలు ఉబుంటు పార్టిషనులోనూ ఉంటాయి. ఆ పార్టిషను పోయాక మొదటి రెండు తునకలూ యథావిధిగా పని మొదలుపెట్టి, మూడోదాన్ని వెతికి, దొరకక, నల్లని తెరపై ‘నో సచ్ పార్టిషన్’ అని తెలిపి, ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న ప్రాంప్టు దగ్గర ఆగిపోతాయి.

ఇది చూసి విండోస్ కూడా పోయిందనుకుని డిస్కు మొత్తాన్ని ఫార్మాట్ చేసి, ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలనూ పత్రాలనూ చేజేతులా పోగొట్టుకునేవారున్నారు. విండోస్ పార్టిషను చెక్కుచెదరకుండా ఉండగా జరిగే ఈ నష్టం నిజంగా బాధాకరం. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవుతో కంప్యూటరును ప్రారంభించి, మరమ్మతు విభాగంలోని కమాండ్ ప్రాంప్టులో ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’ అని ఇస్తే, ప్రారంభ కోడు మాత్రమే మారుతుంది, పార్టిషన్ల పట్టిక జోలికి ఆ కమాండు పోదు.

యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ ఉన్న నేటి యంత్రాలకు ఈ కమాండు పనికిరాదు, అయినా అలవాటుకొద్దీ దాన్నే సూచించేవారు ఇంకా ఉన్నారు. వీటిలో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగంలో ఒక్కో సిస్టముకు ఒక్కో ఫోల్డరు ఉంటుంది. వాటిలో దేన్ని ముందు ప్రయత్నించాలన్న వరుస మదర్‌బోర్డు జ్ఞాపకంలో నమోదై ఉంటుంది. ఉబుంటు పార్టిషను పోయినా దాని పేరు వరుసలో ముందే ఉంటుంది కనుక, ఫర్మ్‌వేర్ సెట్టింగులలోకి వెళ్లి ‘విండోస్ బూట్ మేనేజర్’ను పైకి జరిపితే సాధారణంగా చాలు, పెన్‌డ్రైవు కూడా అక్కరలేదు. డిస్కును గుప్తీకరించే బిట్‌లాకర్ వాడేవారు మాత్రం ముందుగా రికవరీ కీని దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే బూట్ వరుస మారినప్పుడు యంత్రం దాన్ని అడగవచ్చు. ఈఎఫ్ఐ భాగం కూడా ఉబుంటుదేననుకుని తొలగించినవారు దాన్ని ఫ్యాట్32 రూపంలో మళ్లీ సృష్టించి, ‘బీసీడీబూట్’ కమాండుతో విండోస్ బూట్ ఫైళ్లను అందులోకి తెచ్చుకోవాలి.

తొలగించినది విండోస్ అయితే ఇంత శ్రమ ఉండదు; గ్రబ్ తన చోటనే ఉంటుంది, మెనూలో మిగిలిన విండోస్ పేరు ‘అప్‌డేట్-గ్రబ్’ అన్న కమాండుతో సాధారణంగా తొలగిపోతుంది.